జన్యు మూలాలు, మెడికల్ ఇమేజింగ్: ఇవి రెండు పడవలు కావు

"జెనెటిక్స్ ఎమ్మెస్సీ చేస్తున్నా. గోండు, కొలాం జనాల జన్యు మూలాల మీద పనిచేయాలని ఉంది. మెడికల్ ఇమేజింగ్ కూడా ఇష్టమే. ఒకే కెరీర్‌లో రెండూ పెట్టుకుంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టేనా?" అని అడిగావు.

కాదు తమ్ముడూ. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వారసత్వ జబ్బు) ఉన్న ఆదిలాబాద్ పిల్లాడి కణత మీద డాప్లర్ ప్రోబ్ (ధ్వని తరంగాలతో రక్తం వేగం కొలిచే పరికరం) ఆనించి చూడు, రెండూ ఒకటే పని అని తెలుస్తుంది.

సికిల్ సెల్ జబ్బున్న 2 నుంచి 16 ఏళ్ల పిల్లలకు పక్షవాతం ముప్పును ముందే పసిగట్టే పరీక్ష ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్. 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌ను చెవికి ముందు, చెంప ఎముకకు పైన పెడతారు, అక్కడ పుర్రె పలచన. 2 మిల్లీమీటర్ల చొప్పున లోతు మారుస్తూ మెదడు నడిమి ధమనిలో రక్తం ఎంత వేగంగా పారుతోందో కొలుస్తారు. సెకనుకు 170 సెంటీమీటర్ల లోపు మామూలు. 170 నుంచి 199 అయితే మళ్లీ పిలిచి చూడాలి. 200, ఆపైన వస్తే ప్రమాదం. అదే అంకె మళ్లీ వస్తే మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దాంతో ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దాన్ని దించడానికి మళ్లీ మందులు.

అంత బరువున్న అంకె చిన్న అలవాటుతో తప్పిపోతుంది. మెడ రక్తనాళాల స్కాన్‌లో యాంగిల్ కరెక్షన్ (తెర మీద గీతను రక్తనాళం వాలుకు తిప్పి వేగాన్ని సవరించడం) అలవాటైన చెయ్యి ఇక్కడా పెట్టేస్తుంది. 30 డిగ్రీలు పెడితే యంత్రం కొలిచిన వేగాన్ని 0.866తో భాగిస్తుంది, 175 కాస్తా 202 అవుతుంది. పిల్లాడు మారలేదు, తెర మీద గీత కదిలిందంతే! 200 హద్దు గీసింది యాంగిల్ కరెక్షన్ లేకుండానే. ఇంకో పొరపాటు, గుండె కొట్టుకున్నప్పటి శిఖర వేగాన్ని చదవడం. కావలసింది కాలమంతటి మీద తీసిన సగటు. పిల్లాడు నిద్రపోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి వేగం పెరుగుతుంది, ఏడుస్తూ గబగబా ఊపిరి తీస్తే తగ్గుతుంది. జ్వరముంటే ఆ రోజు కొలవనే వద్దు.

ఇక ఆ 200 ఎక్కడిది? 1998లో వెలువడిన అమెరికా క్లినికల్ ట్రయల్‌లో వాడిన హద్దు అది. 130 మంది పిల్లల్లో దాదాపు సగం మందికి రక్తం ఎక్కిస్తే పక్షవాతం ముప్పు 92 శాతం తగ్గింది. అక్కడి సికిల్ సెల్ పిల్లల మూలాలు ఎక్కువగా ఆఫ్రికావి. మన గిరిజనుల్లో సికిల్ జన్యువు వచ్చింది అరబ్-ఇండియన్ హ్యాప్లోటైప్ మీద, అంటే 11వ క్రోమోజోమ్‌లో ఆ జన్యువు చుట్టూ ఉండే గుర్తుల వరస వేరు. అది ఉన్నవాళ్లలో పిండ దశ హిమోగ్లోబిన్ సాధారణంగా ఎక్కువ మిగులుతుంది, కణాలు కొడవలిలా వంగకుండా కాస్త ఆపుతుంది. మరి గోండు పిల్లాడికీ హద్దు 200 దగ్గరే గీయాలా? నీ కెరీర్‌కి ఈ ఒక్క ప్రశ్న చాలు. డాప్లర్ ఒక్కటే తెలిసినవాడు దీన్ని తేల్చలేడు, జన్యువులు మాత్రమే చదివినవాడూ తేల్చలేడు.

జన్యు ల్యాబ్‌లోనూ ఇదే గొడవ, కొలిచిన తీరే ఫలితాన్ని మార్చేస్తుంది. గోండుల శాంపిళ్లన్నీ ఒక ప్లేట్‌లో, కొలాంలవి ఇంకో ప్లేట్‌లో పెడితే పీసీఏలో (వేల జన్యు గుర్తుల తేడాలను కొన్ని ప్రధాన అక్షాలుగా, అంటే పీసీలుగా, కుదించే లెక్కలో) విడిపోయేది జాతులా, ప్లేట్లా? చెప్పలేవు. 96 గుంటల ప్లేట్లలో అందరినీ కలిపి పెట్టు, ప్లేట్ల తేడా తెలియడానికి ప్రతి ప్లేట్‌లో అవే రెండు డీఎన్ఏ శాంపిళ్లు మళ్లీ పెట్టు. మేనరికాలున్న ఊళ్లలో బంధువులను వడకట్టకపోతే మొదటి పీసీలు ఒక కుటుంబాన్నే చూపిస్తాయి. బంధుత్వాన్ని లెక్కగట్టే కింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె 0.0884 దాటిన జంటల్లో ఒకరిని తీసెయ్. పీసీఏ కోసం ప్లింక్ సాఫ్ట్‌వేర్‌లో ఒకదానితో ఒకటి ముడిపడిన గుర్తులను (50, 5, 0.2 సెట్టింగ్‌లతో) తీసేసి పలచన చేసిన ఫైల్‌ను మాత్రం హ్యాప్లోటైప్‌కి వాడకు. సికిల్ జన్యువు పక్కనున్న గుర్తులు అందులో చాలావరకు ఎగిరిపోతాయి.

కాంబ్యాట్ అనే పద్ధతిని చూడు. 2007లో మైక్రోఅర్రేల (వేల జన్యువులను ఒకేసారి కొలిచే చిప్పుల) బ్యాచ్ తేడాలు తీయడానికి పుట్టింది, 2017లో అదే ఎమ్మారై స్కానర్ల తేడాలు తీయడానికి వచ్చింది. కానీ ఒక జాతినంతా ఒక యంత్రం మీద, ఇంకో జాతినంతా ఇంకో యంత్రం మీద కొలిస్తే అది కూడా చేతులెత్తేస్తుంది.

నాకు కడుపు మండేది క్యాంపు ఫారాలు చూస్తే. కులం గడిలో "ఎస్టీ" అని రాసి వదిలేస్తారు. గోండు, కొలాం, నాయక్‌పోడ్, తోటి, ప్రధాన్, కోయ అందరూ ఒక్కటేనా? సాల్యుబిలిటీ పరీక్షలో (సికిల్ హిమోగ్లోబిన్ ఉందో లేదో మాత్రమే చెప్పే త్వరిత రక్తపరీక్షలో) పాజిటివ్ వస్తే "సికిల్ ఉంది" అని రాస్తారు. జబ్బున్నవాడికీ, జన్యువు మోసేవాడికీ ఆ పరీక్షలో ఒకే ఫలితం వస్తుంది, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ లాంటి పరీక్ష చేయనిదే తేల్చలేం. స్కాన్ సెంటర్లేమో ఫోన్‌లో ఫొటో తీసి పంపుతాయి, యాంగిల్ గీత ఉన్న అంచు కోసేసి మరీ. యంత్రం వివరాలన్నీ ఉండే అసలు స్కాన్ ఫైల్, అంటే డైకామ్ ఫైల్ అడుగు.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక నీ ఫారంలో ఇవి ఉండాలి: తెగ పేరు, తల్లి పుట్టిన ఊరు, హెచ్‌పీఎల్‌సీ ఫలితం, చివరిసారి రక్తం ఎక్కించిన తేదీ, ప్లేట్ నంబరు, డాప్లర్ మోడల్, కొలిచినవాళ్ల కోడ్, యాంగిల్ కరెక్షన్ ఉందో లేదో, పిల్లాడు మెలకువగా ఉన్నాడో లేదో.