ముందు షెల్ ఏ ఫైలు చదివిందో తేల్చుకో

మల్కాజిగిరి,
హైదరాబాద్.

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి నువ్వు ఫోనులో చెప్పిన సమస్యకు అప్పటికప్పుడు తోచిన సమాధానం చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఆఫీసువారు ఇచ్చిన ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, అంటే దూరం నుంచి లాగిన్ అయి, వెళ్లినప్పుడల్లా ప్రాంప్ట్ (కమాండ్ టైపు చేసేచోటి గుర్తు) రంగులు పోయాయనీ, కమాండ్లకు నువ్వు పెట్టుకున్న పొట్టి పేర్లు, అంటే అలియాస్‌లు, ఒక్కటీ పనిచేయడం లేదనీ, విసుగొచ్చి ఎవరో చెప్పినట్టు అవే లైన్లను మూడు ఫైళ్లలోనూ అతికించాననీ అన్నావు. చివర్లో మాటవరసకు మరొక సంగతి కూడా చెప్పావు: లోపలికి వెళ్లాక ‘బాష్’ అని, అంటే మన కమాండ్లను అమలుచేసే షెల్ ప్రోగ్రాము పేరును, ఒకసారి టైపు చేసి ఎంటర్ నొక్కితే రంగులూ అలియాస్‌లూ అన్నీ తిరిగి వస్తున్నాయని. నువ్వు చెప్పినవాటిలో అసలు ఆధారం ఆ ఒక్క మాటే తల్లీ. బాష్ మొదలయ్యేటప్పుడు చదివే నీ సెట్టింగుల ఫైలు బాష్‌ఆర్‌సీలో ఏ దోషమూ లేదని, లాగిన్ సమయంలో దాన్ని ఎవరూ చదవడం లేదని అది స్పష్టంగా చెబుతోంది. దోషం లేని ఫైలును రాత్రంతా దిద్దుతూ కూర్చుంటే నొప్పి ఒకచోట, మందు ఒకచోట అన్నట్టు అవుతుంది.

సికింద్రాబాద్ స్టేషనులోకి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు నుంచి వచ్చినవారికీ, బోయిగూడ వైపు నుంచి పదో నంబరు మీదికి వచ్చినవారికీ ముందుగా కనబడేవి వేరు వేరు కదా, బాష్ కూడా అంతే, ఏ ద్వారం గుండా వచ్చిందన్నదాన్ని బట్టి చదివే ఫైళ్లు మారతాయి. లాగిన్ కాగానే తెరుచుకునే లాగిన్ షెల్‌గా మొదలైతే ముందు ఈటీసీ డైరెక్టరీలోని ప్రొఫైల్ చదువుతుంది, తరువాత నీ హోమ్ డైరెక్టరీలో డాట్ బాష్ ప్రొఫైల్, డాట్ బాష్ లాగిన్, డాట్ ప్రొఫైల్ (డాట్ అంటే పేరు ముందుండే చుక్క) అనే మూడింటిని ఇదే వరుసలో వెతికి, మొదట దొరికిన ఒక్కదాన్ని మాత్రమే చదివి మిగిలిన రెండింటినీ తాకకుండా వదిలేస్తుంది. ఇప్పటికే తెరిచి ఉన్న షెల్‌లో ‘బాష్’ అని టైపు చేసినప్పుడు, లేదా ఉబుంటు డెస్క్‌టాప్‌లో మామూలుగా టెర్మినల్ తెరిచినప్పుడు పుట్టేది లాగిన్ షెల్ కాదు, అది బాష్‌ఆర్‌సీని చదువుతుంది. మరి లాగిన్ షెల్‌లో కూడా ఇన్నాళ్లూ నీ అలియాస్‌లు ఎలా వచ్చాయంటే, ఉబుంటు ఇచ్చే డాట్ ప్రొఫైల్ ఫైలులోనే బాష్‌ఆర్‌సీని పిలిచే కొన్ని లైన్లు ఉంటాయి.

ఇక నీ విషయానికి వస్తాను. గత వారం ఆ సర్వర్‌లో ఏదో కొత్త టూల్ ఇన్‌స్టాల్ చేశానన్నావు. అలాంటి ఇన్‌స్టాలర్లు కొన్ని, తమ పాత్ లైను (కమాండ్లను ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పేది) ఒక్కటి రాసుకోవడానికి డాట్ బాష్ ప్రొఫైల్ అనే ఫైలును కొత్తగా సృష్టిస్తాయి. అది పుట్టిన క్షణం నుంచీ డాట్ ప్రొఫైల్‌ను బాష్ పట్టించుకోదు, దాని ద్వారా రావలసిన బాష్‌ఆర్‌సీ కూడా రాదు. నేను ఊహించింది నిజమేనో కాదో ముందు చూసుకో. హోమ్ డైరెక్టరీలో ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్‌ను హైఫన్ ఎల్ఏ ఆప్షన్‌తో నడిపి, ఆ ఫైలు ఉందా, ఉంటే దాని తేదీ నువ్వు టూల్ ఇన్‌స్టాల్ చేసిన రోజుతో సరిపోతుందా అని చూడు. సరిపోతే అందులోని ఆ ఒక్క లైనును డాట్ ప్రొఫైల్ చివరికి మార్చి, ఆ ఫైలును తుడిచేయకుండా వేరే పేరు పెట్టి పక్కన ఉంచు. నువ్వు మూడుచోట్లా అతికించిన లైన్లను మాత్రం తప్పకుండా తీసేయాలి, లేకపోతే పాత్‌లో ఒకే డైరెక్టరీ రెండు మూడు సార్లు చేరి, రేపు ఏ లైను వల్ల ఏమి జరుగుతోందో నీకే తెలియకుండా పోతుంది.

ఏ లైను ఎక్కడ ఉండాలన్న సందేహం వస్తే ఇలా ఆలోచించు. పాత్ లాంటి, ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్స్ పిల్ల ప్రాసెస్‌లకు, అంటే ఆ షెల్ నుంచి మొదలయ్యే ప్రోగ్రాములకు, సంక్రమిస్తాయి కాబట్టి అవి లాగిన్‌లో ఒకసారి చదివే ప్రొఫైల్‌లో ఉంటే చాలు, అలియాస్‌లూ ప్రాంప్టూ అలా సంక్రమించవు కాబట్టి ప్రతి కొత్త షెల్ చదివే బాష్‌ఆర్‌సీలో ఉండాలి. డెస్క్‌టాప్‌లో ప్రొఫైల్‌ను మార్చినప్పుడు కొత్త టెర్మినల్ తెరిస్తే సరిపోదు, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. నీ స్నేహితురాలి మ్యాక్‌కు ఈ లెక్క వర్తించదు. 2019లో వచ్చిన కాటలినా నుంచి కొత్త ఖాతాలకు బాష్ బదులు జీషెల్ (జెడ్ఎస్‌హెచ్) అనే వేరే షెల్‌నే ఇస్తున్నారు కాబట్టి, ఆమె బాష్‌ఆర్‌సీలో ఎంత రాసినా జీషెల్ దాన్ని చదవదు, జెడ్ఎస్‌హెచ్‌ఆర్‌సీలో రాసుకోమని చెప్పు.

ఊహ తప్పయితే బాష్‌నే అడగాలి. షాప్ట్ లాగిన్ షెల్ అనే కమాండ్ ఇస్తే నువ్వున్నది లాగిన్ షెల్ అయితే ఆన్ అనీ, కాకపోతే ఆఫ్ అనీ చెబుతుంది. ఆ తరువాత బాష్‌ను హైఫన్ ఎల్ఐఎక్స్‌సీ అనే ఆప్షన్లతో, ట్రూ అనే కమాండ్ ఇచ్చి నడిపి, ఎర్రర్ అవుట్‌పుట్‌ను ఒక ఫైలులోకి మళ్లించు. మొదలయ్యేటప్పుడు అమలైన ప్రతి లైనూ ముందు ప్లస్ గుర్తుతో అందులో పడుతుంది. అంతకు ముందే పీఎస్4 అనే వేరియబుల్‌లో బాష్ సోర్స్, లైన్ నంబర్ అనే రెండింటినీ సింగిల్ కోట్లలో పెట్టి ఎక్స్‌పోర్ట్ చేశావంటే, ఒక్కొక్క లైను పక్కన అది ఏ ఫైలులో ఎన్నో లైనో కూడా కనబడుతుంది. ఆ ఫైలులో బాష్‌ఆర్‌సీ పేరు ఒక్కసారైనా కనబడలేదంటే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు.

బాష్‌ఆర్‌సీలో పలకరింపు లైను పెట్టుకోవాలని ఉందన్నావు. ఆ ముచ్చట వద్దని గట్టిగా చెబుతున్నాను. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, పనిచేసిన చోట ఒక సర్వర్‌లో, తెరపై మాటలు చూపే ఎకో కమాండ్‌తో అలాంటి లైను రాశాను. ఎస్‌సీపీ ద్వారా ఫైళ్లు పంపేటప్పుడు కూడా అవతలి సర్వర్‌లో బాష్‌ఆర్‌సీ చదవబడుతుందని నాకు అప్పటికి తెలియదు. నా పలకరింపు ఆ బదిలీ మధ్యలోకి దూరి, రాత్రిపూట వెళ్లవలసిన ఫైళ్లు వరుసగా రెండు రోజులు వెళ్లలేదు, నెట్‌వర్క్ చూసే పెద్దాయన నిద్ర మానుకుని తన కేబుళ్లన్నీ పరీక్షించుకున్నారు. ఆ రెండు రాత్రులు నేను మరచిపోలేదు. ఉబుంటు బాష్‌ఆర్‌సీ మొదట్లో, మనిషి కూర్చుని వాడే షెల్ కాకపోతే ఇక్కడే తిరిగి వెళ్లిపో అని చెప్పే లైన్లు ఉన్నది ఇందుకే. వాటిని తీసేయకు, వాటికి పైన ఏమీ రాయకు.

చిన్న దోషాలు త్వరగానే దొరుకుతాయి. సమానం గుర్తుకు రెండు వైపులా ఖాళీ వదలకూడదు. వర్డ్ డాక్యుమెంటు నుంచి కాపీ చేస్తే వంపు తిరిగిన కోట్లు వస్తాయి, విండోస్‌లో సేవ్ చేసిన ఫైలును క్యాట్ హైఫన్ పెద్ద ఏతో చూస్తే లైన్ల చివర టోపీ గుర్తూ ఎమ్ అక్షరమూ కనబడతాయి, ఆ కోట్లను మామూలు నిలువు కోట్లుగా మార్చాలి, ఈ గుర్తులను తీసేయాలి. పాత్ రాసేటప్పుడు పాత విలువను కలపడం మరచిపోతే ఎల్ఎస్ కూడా దొరకదు, కానీ ఎక్స్‌పోర్ట్, ఎకో షెల్‌లోనే ఉన్నవి కాబట్టి పనిచేస్తాయి, ఆ విండోకు మటుకు పాత్‌ను చేత్తో సరిచేసుకుని ఫైలును దిద్దు.

దిద్దే ముందు ఫైలుకు కాపీ తీసి పెట్టుకో. దిద్దాక బాష్ హైఫన్ ఎన్‌తో వాక్యదోషాలు చూసుకుని, ఇప్పుడున్న ఎస్‌ఎస్‌హెచ్ విండోను మూయకుండా రెండో విండోలో లాగిన్ అయి చూడు. అది సరిగా తెరుచుకున్నాకే మొదటిది మూయాలి. రేపు సాయంత్రంలోగా ఆ డాట్ బాష్ ప్రొఫైల్ తేదీ ఏమిటో, అందులో ఎన్ని లైన్లు ఉన్నాయో నాకు తెలియజేయి, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న