చేయించడమా, చేయనివ్వడమా?

ప్రశ్న: మాస్టారూ, ఏడాదిగా ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ మధ్య చేరిన ఆరుగురి మాతృభాషా ఫ్రెంచే. అందరూ చదువుకున్నవాళ్లే, ఇంగ్లీషు మాటలకీ లోటు లేదు. కానీ ఒకరితో పని చేయించడం, ఒకరిని చేయనివ్వడం, వద్దనడం, ఇలాంటివి చెప్పాల్సొస్తే తడబడిపోతారు. ఒకాయన తన పై అధికారికి 'ఐ డిమాండ్ యూ ఎ డిలే ఆఫ్ టూ డేస్' అని మెయిల్ రాసి, పంపేముందు నాకు చూపించాడు. ఇంకొకావిడ 'ఐ మేడ్ రిపేర్ మై కార్' అంటుంది. నాకు ఫ్రెంచ్ నాలుగు ముక్కలు వచ్చంతే. మేక్, లెట్, అలౌ అంటూ పట్టిక వేసిచ్చి బట్టీ పట్టమంటే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: పట్టిక తర్వాత ఇద్దురుగాని లెండి. ముందు ఆ మెయిల్ సంగతి చూద్దాం. ఒక్క వాక్యంలో రెండు గోతులున్నాయి. ఫ్రెంచ్‌లో 'దుమాందే' అంటే అడగడం, అంతే. దారి అడిగినా అదే, టైమెంతైందని అడిగినా అదే. ఆ మాటే ఇంగ్లీషులోకొచ్చి 'డిమాండ్' అయ్యాక గొంతు పెంచింది. ఇక 'దెలె' అంటే గడువు. చూడ్డానికి 'డిలే'కి కవలపిల్లలా ఉంటుంది గానీ ఆలస్యమని అర్థం కాదు. పాపం ఆయన 'ఇంకో రెండు రోజులు గడువిప్పించండి' అని వినయంగానే రాశాననుకున్నాడు. అవతల చదివేవాళ్లకి మాత్రం 'రెండు రోజులు ఆలస్యం చేస్తావా చెయ్యవా' అని నిలదీసినట్టుంటుంది. 'కుడ్ ఐ హావ్ టూ మోర్ డేస్' అంటే పోయేది. ఆయనకి రాకపోయింది వ్యాకరణం కాదు, ఆ మాటకున్న బరువు. పట్టికలో బరువులు కనపడవు.

ఇక కారు రిపేరు. ఇక్కడ మీకు ఇంగ్లీషువాళ్లకి లేని వాటం ఒకటుంది, మీరు తెలుగువారు. మనం 'కారు బాగు చేయించాను' అంటాం. బతిమాలి చేయించామో, డబ్బిచ్చి చేయించామో, మెడ మీద కత్తి పెట్టి చేయించామో ఆ 'ఇంచు'లో తెలీదు. ఫ్రెంచ్ వాళ్ల 'ఫేర్' కూడా ఇంచుమించు అంతే. పని చెప్పే క్రియ ముందు 'ఫేర్' తగిలిస్తే చాలు, చేయించినట్టే. ఇంగ్లీషు మాత్రం ఎలా చేయించావో చెప్పందే కదలనివ్వదు. ఇష్టం లేకపోయినా చేయిస్తే మేక్. అది వాళ్ల పనే, మనం చెప్పాం, వాళ్లు చేశారంటే హావ్. నచ్చజెప్పి, వెంటపడి ఒప్పిస్తే గెట్. 'ఫేర్' అనగానే మీ వాళ్లకి 'మేక్' ఒక్కటే తడుతుంది కనుక 'ఐ మేడ్ ది ప్లంబర్ కమ్' అంటారు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. వినేవాళ్లకి మాత్రం ప్లంబర్ని కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చినట్టుంటుంది.

రెండో చిక్కు వరస. ఫ్రెంచ్‌లో 'ఫేర్', దాని వెనక క్రియ అంటుకుని ఉంటాయి, మధ్యలో మనిషి పేరు దూరడానికి సందుండదు. 'టీచర్ చేసింది పలుకుట పిల్లల్ని' అన్నట్టు నడుస్తుంది. ఇంగ్లీషులో ఆ మనిషి సరిగ్గా మధ్యలో కూర్చోవాలి: 'ది టీచర్ మేడ్ ది చిల్డ్రన్ రిపీట్'. నేను క్లాసులో మూడు చీటీలు రాసేవాణ్ణి, ఒకదాని మీద మేక్, ఒకదాని మీద మనిషి పేరు, ఒకదాని మీద పని. బల్ల మీద పేర్చమంటే మొదటి వారమంతా మనిషి చీటీ చివరికే పోయేది. రెండో వారానికి చెయ్యి దానంతటదే మధ్యలో పెట్టేది. మీరు తెర మీద జరిపించండి. మనిషి కాకుండా వస్తువుంటే 'ఐ హాడ్ మై కార్ రిపేర్డ్'. కారావిడకి ఈ ఒక్క వాక్యం పదిసార్లు చెప్పించండి చాలు.

'టు' ఎక్కడ పెట్టాలని తప్పకుండా అడుగుతారు. మేక్, లెట్, హావ్ వెనక ఉండదు. గెట్, అలౌ, ఆర్డర్ వెనక ఉంటుంది. కర్మణిలోకి వెళ్తే మేక్ వెనక కూడా వచ్చి చేరుతుంది: 'ఐ వజ్ మేడ్ టు వెయిట్'. లెట్‌ని ఈ అర్థంలో కర్మణిలోకి తిప్పరు, దాని బదులు 'ఐ వజ్ అలౌడ్ టు' అంటారు. ఫ్రెంచ్‌లో అనుమతి 'ఫలానావారికి' ఇస్తారు, మనలాగే. అందుకని ఆ 'వారికి'ని కర్తగా మార్చి కర్మణి వాక్యం కట్టడం వాళ్లకి అలవాటుండదు. ఇక్కడ తొందరపెట్టకండి.

అలౌతో వచ్చే తప్పు ఇంకోటుంది, ఇది చదువుకున్నవాళ్లే ఎక్కువ చేస్తారు. 'దిస్ ఆప్ అలౌజ్ టు సేవ్ టైమ్'. ఇలాంటి వాక్యం కనపడితే రాసినవారి మాతృభాష ఫ్రెంచేమో అనిపిస్తుంది నాకు. వాళ్ల 'పెర్మెత్ర్' క్రియకి ఎవర్ని అన్నది చెప్పక్కర్లేదు, మన 'వీలు కల్పిస్తుంది'కీ అక్కర్లేదు. ఇంగ్లీషుకి కావాలి. ఒక 'యూ' పడేస్తే వాక్యం నిలబడుతుంది.

వద్దనే మాటల్లో ఒక్కటే చెబుతాను. 'దెఫాంద్ర్' అంటే వాళ్లకి కాపాడటమూ, నిషేధించడమూ రెండూ. 'స్మోకింగ్ ఈజ్ డిఫెండెడ్' అని రాస్తే నవ్వకండి. 'ఫర్బిడ్' నేర్పండి గానీ రోజువారీ మాటల్లో దాని జోలికెళ్లొద్దని కూడా చెప్పండి. 'యూ ఆర్ నాట్ అలౌడ్ టు' చాలు.

అన్నిటికన్నా ప్రమాదం 'డోంట్ హావ్ టు'. ఒకసారి నా విద్యార్థి ఒకాయన ఫైలొకటి పంపి 'యూ డోంట్ హావ్ టు ఓపెన్ ఇట్ బిఫోర్ ఫ్రైడే' అన్నాడు. శుక్రవారం లోపు చూడక్కర్లేదు కాబోలు, తీరిక దొరికింది కదా అని మంగళవారమే తెరిచాను. చూస్తే కోర్సు అయిపోతోందని క్లాసంతా కలిసి నా మీద రాసిన కవిత! ఆయన చెప్పాలనుకున్నది తెరవకూడదని. 'హావ్ టు' అంటే వాళ్ల 'దువ్వార్' అనీ, దానికి 'కాదు' చేరిస్తే 'కూడదు' అవుతుందనీ లెక్క కట్టాడు. తెలుగులో 'తెరవకూడదు', 'తెరవనక్కర్లేదు' విడివిడిగా ఉన్నాయి కాబట్టి మీకు ఈ తేడా పుట్టుకతో వచ్చింది. శుక్రవారం క్లాసులో ఆ కవిత మొదటిసారి వింటున్నట్టు నేను నటించాల్సొచ్చింది. బాగా నటించలేదనుకుంటాను, రెండో చరణంలో తప్పు ముందే దిద్దేశాను.

ప్రశ్న: బ్రిటిష్ పాస్‌పోర్టు లోపల 'వితవుట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' అని ఉంటుంది. లెట్ అంటే వెళ్లనివ్వడం కదా, 'వెళ్లనివ్వకుండా' పంపమనడమేమిటి?
— ఇంకో పాఠకుడు

జవాబు: అది వేరే లెట్. పాత ఇంగ్లీషులో రెండు క్రియలుండేవి, ఒకటి వదలడం, ఒకటి అడ్డుకోవడం. పలుకుబడి అరిగి రెండూ ఒకేలా తయారయ్యాయి. అడ్డుకునే లెట్ వాడుకలోంచి పోయి, ఇలాంటి పాత దస్తావేజు మాటల్లో చిక్కుకుపోయింది. 'ఏ అడ్డూ ఆటంకమూ లేకుండా' అని చదువుకోండి. ఫ్రెంచ్‌వాళ్లకి ఈ బెడద లేదు. ఐక్యరాజ్యసమితి 1946 ఒప్పందం ప్రకారం తన ఉద్యోగులకిచ్చే ప్రయాణపత్రం పేరే 'లెసే పాసే', పోనివ్వండి అని. అన్నట్టు, టెన్నిస్‌లో సర్వీసు బంతి నెట్టుకి తగిలి అవతల సరైన చోటే పడితే అంపైర్ 'లెట్' అంటాడు చూడండి, అది కూడా ఈ అడ్డు లెట్టే.