ప్రాణస్నేహితుడికి చెప్పలేని ప్రేమ... ఈ గుండెదడ, నిద్రలేమి తగ్గేదెలా?

ప్రశ్న: నా వయసు 24. తిరుపతిలో ఎంసీఏ చివరి సంవత్సరం. ఇంటర్ నుంచి ఒకతను నాకు ప్రాణస్నేహితుడు. రెండేళ్లుగా అతణ్ని ప్రేమిస్తున్నాను, చెప్పలేదు. అతనికి నామీద ఆ ఉద్దేశం లేదని తెలుసు. ఇప్పుడు వాళ్లింట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మాయిల ఫొటోలు నాకే పంపి 'ఎట్లుంది మే?' అంటాడు. 'సూపర్' అని పెడతాను. ఆ వెంటనే గుండెదడ, అరచేతుల్లో చెమట. రాత్రి రెండైనా నిద్ర పట్టదు. కడుపులో మంట, అన్నం సయించడం లేదు. ఈసీజీ నార్మల్. గ్యాస్ మాత్రలు వాడుతున్నాను. అమ్మ దిష్టి అంటోంది. ఇది గుండె జబ్బా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: భయపడకండమ్మా. ఈ వయసులో, ఈసీజీ బాగుండి, దడ ఆ ఫొటోలు వచ్చినప్పుడే వస్తోందంటే గుండె జబ్బయ్యే అవకాశం చాలా తక్కువ. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది కాబట్టి టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ ఒక్కసారి చేయించుకోండి. అమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, ఆమె బెంగ ఆమెది.

నాకు అసలు బాధ మీరు పెట్టే ఆ 'సూపర్'లో కనిపించింది. ఏడుపొస్తున్న క్షణంలో నవ్వు ముఖం పెట్టడం ఒంటికి పెద్ద చాకిరీ. లోపల అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి గుండె వేగం పెంచుతుంది, చేతులకు చెమట పట్టిస్తుంది. కడుపు పనితీరు కూడా దెబ్బతింటుంది. అందుకే గ్యాస్ మాత్రతో మీ మంట పూర్తిగా తగ్గదు. పైగా, అణచిపెట్టిన ఆలోచన ఊరుకోదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులతో 'ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి' అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత తలచుకోవచ్చని వదిలేస్తే, ముందు అణచుకున్నవాళ్లకే ఆ ఎలుగుబంటి ఎక్కువగా గుర్తొచ్చింది. రాత్రి రెండింటికి మీకు జరుగుతున్నదీ అదే.

కాబట్టి ముందు ఆ ఫొటోల పని మానేయండి. 'సంబంధాల విషయం నన్ను అడగొద్దురా, నేను చెప్పలేను' అనండి. కారణం అడిగితే 'తర్వాత చెప్తా' చాలు. ఇది అబద్ధం కాదు, స్నేహానికి ద్రోహమూ కాదు.

రెండోది, ఈ సంగతి ఒక్కరికైనా చెప్పండి. అక్కకో, వదినకో, నోరు జారని స్నేహితురాలికో. రెండేళ్లు ఒంటరిగా మోశారు.

అతనికి చెప్పాలా అంటే, నిర్ణయం మీదే. నా అభిప్రాయం మాత్రం దాచను. సంబంధం ఇంకా ఖాయం కాకపోతే ఒక్కసారి చెప్పేయడమే మంచిది. అర్ధరాత్రి మెసేజ్‌లో వద్దు. పగటిపూట, ఎదురుగా కూర్చుని, 'నువ్వేం చెప్పినా సరే' అన్న ధైర్యం వచ్చాకే చెప్పండి. కాదంటే అక్కడితో ఆపేయాలి, మళ్లీ మళ్లీ అడగకూడదు. కొన్నాళ్లు మాటలు తగ్గించుకోండి. నొప్పిగానే ఉంటుంది, కానీ రోజూ నటించే పని తప్పుతుంది. నిశ్చితార్థం అయిపోయి ఉంటే అవతల ఇంకో అమ్మాయి జీవితం కూడా ఉంది. అప్పుడు దూరం జరగడమే మేలంటాను.

నిద్ర కోసం: మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ, టీ వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టండి. పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో అరగంట నడవండి. ఆకలి లేకపోయినా వేళకు నాలుగు ముద్దలు పెరుగన్నమైనా తినండి. నిద్రమాత్రలు సొంతంగా కొని వాడొద్దు, అలవాటైపోతాయి.

రెండు వారాలకు పైగా దిగులు వదలక, చదువు మీద, ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోతే అది డిప్రెషన్ కావచ్చు. రుయా ఆసుపత్రి మానసిక విభాగం ఓపీలో చూపించుకోండి. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే మందులతో నయమవుతుంది. బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది అర్ధరాత్రయినా సరే, ఇంట్లో ఒకరిని నిద్రలేపి పక్కన కూర్చోబెట్టుకుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.