5,000 చేప పిల్లలు వదిలితే 400 కూడా ఎందుకు మిగల్లేదు?

మీరు రాసింది ఇదీ: శ్రీకాళహస్తి దగ్గర ఎకరం గుంట, ఐదడుగుల లోతు, అన్నీ బోరు నీళ్లే. పోయినేడు కైకలూరు వైపు నుంచి అంగుళం సైజు చేప పిల్లలు 5,000 తెప్పించి, మధ్యాహ్నం రెండు గంటలకు దించిన వెంటనే వదిలేశారు. పట్టుబడికి 400 కూడా రాలేదు. సీడు, అంటే తెచ్చిన పిల్లలే చెడ్డవా అని అడుగుతున్నారు. మీరు చెప్పినదాన్ని బట్టి సీడు మీద నాకు అనుమానం లేదు. అంగుళం పిల్లను నేరుగా పెద్ద గుంటలో వేయడం ఒక తప్పు. మధ్యాహ్నం వదలడం దానికంటే పెద్ద తప్పు.

ముందు గుంట సంగతి. కొర్రమీను, మార్పు, జెల్ల లాంటి వేటచేపలు ఉన్న గుంటలో అంగుళం పిల్ల వేస్తే వాటికి మేత వేసినట్టే. నీళ్లు తీసేశాం కదా అనుకోకండి. కొర్రమీను, మార్పు గాలి పీల్చి బతికే రకాలు, తడి బురదలో దాక్కుని నిలుస్తాయి. ఏప్రిల్, మే ఎండలకు అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండబెడితే ఖర్చు లేకుండా పని అయిపోతుంది. ఎండబెట్టే వీలు లేకపోతే నీటిని రెండడుగులకు దించి, బ్లీచింగ్ పౌడర్ ఎకరాకు 85 కిలోలు కలిపి చల్లండి, వారం పది రోజుల్లో విషం పోతుంది. లేదా ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి) 600 కిలోలు రాత్రంతా నానబెట్టి చల్లండి. ఇందులోని సపోనిన్ చేప రక్తకణాలను పగలగొడుతుంది. విషం పోవడానికి మూడు వారాలు పడుతుంది కానీ తర్వాత ఎరువుగా పనికొస్తుంది కాబట్టి నేనైతే దొరికితే ఇప్ప చెక్కకే ఓటేస్తాను. బ్లీచింగ్ వేసేవాళ్లు సున్నం ముందు చల్లకూడదు. పీహెచ్ (పులుపు, క్షారం ఎంతుందో చెప్పే కొలత, 7 దాటితే క్షారం) పెరిగితే బ్లీచింగ్ బలం తగ్గిపోతుంది.

సున్నం కూడా కొలిచి వేయాల్సిందే. మట్టి పీహెచ్ 7 దగ్గర ఉంటే ఎకరాకు 80 నుంచి 100 కిలోలు చాలు. నీటి పీహెచ్ ఇప్పటికే 8 దాటి ఉంటే అసలు వేయొద్దు. తర్వాత పచ్చి పేడ ఎకరాకు రెండు టన్నులు, ఇప్ప చెక్క వేసి ఉంటే టన్ను. పదిహేను రోజుల్లో నీళ్లు లేత ఆకుపచ్చకు తిరుగుతాయి. మోచేతి దాకా చెయ్యి ముంచండి. అరచెయ్యి అప్పుడే కనిపించకుండా పోతుంటే నీరు సిద్ధం. మణికట్టు దగ్గరే మాయమైతే పాచి ఎక్కువైంది, పేడ ఆపండి.

బోరు నీళ్లలో గొట్టం దగ్గర ఆక్సిజన్ దాదాపు ఉండదు, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఇనుము ఉంటే తుప్పు రంగు తెట్టు కట్టి పిల్లల మొప్పలకు పడుతుంది. నీళ్లు ఎత్తు నుంచి రాళ్ల మీద పడేలా గొట్టం పెట్టండి. నింపాక కనీసం వారం నిలవనివ్వండి. వానలప్పుడు పైనుంచి నీళ్లు వచ్చే కాలువకు, ఎక్కువైన నీళ్లు బయటికి పోయే మొరవకు సన్న జాలీ కట్టండి. కొత్త కొర్రమీను వచ్చేది, మీ పిల్లలు పోయేది ఆ దారులనే.

ఎన్ని వేయాలంటే, ఏరేటర్ (నీళ్లలోకి గాలి కలిపే యంత్రం) లేని ఎకరానికి 2,400 దాటొద్దు. నాలుగైదు అంగుళాలు, ఒక్కోటి 15 గ్రాములు తగ్గని పిల్లలే తీసుకోండి. శీలావతి 1,400, బొచ్చె 600, ఎర్రమోసు 300, గడ్డిచేప 100. బంగారుతీగ వద్దు. అది కట్ట అడుగు తవ్వుతుంది, గుంటలోనే గుడ్లు పెట్టి సంఖ్య పెంచేస్తుంది. హేచరీ (పిల్లలను పుట్టించి అమ్మే చోటు) వాళ్లతో ముందే చెప్పి, ఎక్కించే ముందు ఒక రోజు మేత లేకుండా హాపాలో (నీళ్లలో కట్టే వల తొట్టి) ఉంచమనండి. కడుపు నిండిన పిల్ల దారిలో సంచి నీళ్లను పాడుచేస్తుంది. లెక్క చూసుకోవడానికి మూడు చోట్ల కిలో చొప్పున తూచి ఎన్ని పిల్లలు పడ్డాయో లెక్కించండి. 15 గ్రాముల పిల్లలైతే కిలోకు 66 దాకా రావాలి.

ఇక అసలు విషయం, దించే గంట. రాత్రంతా మూసిన సంచిలో పిల్లల ఊపిరి నుంచి కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది. దానివల్లే సంచిలో చేరిన అమ్మోనియా అప్పటికి పెద్దగా హాని చేయదు. మూట విప్పగానే ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. మధ్యాహ్నం పాచి నీటి పీహెచ్ 9 దాకా కూడా పోతుంది. ఆ నీళ్లు సంచిలో పోస్తే పిల్లలకు రెండు వైపులా దెబ్బ. మీ పిల్లలకు జరిగింది ఇదే అయి ఉంటుంది. అప్పటికప్పుడు చచ్చి తేలవు, రెండు మూడు రోజుల్లో అడుగున రాలిపోతాయి, కొంగలు, నీటికాకులు ఏరుకుపోతాయి. మీకు ఒక్కటీ కనబడదు.

కాబట్టి పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్యే వదలండి. అప్పుడు పీహెచ్ తక్కువగా ఉంటుంది. తెల్లవారకముందు మాత్రం వద్దు, పాచి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది అప్పుడే. మూసిన సంచులను నీడలో గుంట నీళ్ల మీద 20 నిమిషాలు తేలనివ్వండి. సంచి నీటికి, గుంట నీటికి వేడిలో తేడా రెండు డిగ్రీల లోపుకు రావాలి. విప్పాక మగ్గు మగ్గుగా గుంట నీళ్లు కలుపుతూ పదిహేను నిమిషాల్లో ముగించండి. అరగంట దాటించకండి.

ఒక టబ్బులో కొన్ని పిల్లలు వేసి చేత్తో నీళ్లను సుడి తిప్పండి. బాగున్నవి అంచు వెంట ఎదురీదుతాయి. నీరసించినవి మధ్యలో గుంపుగా తేలతాయి. బాగున్నవాటిని జాలీలో తీసి, పది లీటర్ల నీళ్లకు 200 గ్రాముల కల్లుప్పు కలిపిన తొట్టిలో ఒక్క నిమిషం ముంచి గుంటలోకి వదలండి. నీరసించినవాటికి ఉప్పు స్నానం పెట్టకండి, తట్టుకోలేవు. వాటిని నేరుగా హాపాలో వేయండి.

బోరు గొట్టం కింద కాకుండా గట్టు దగ్గర రెండడుగుల లోతున్న చోట, రెండు మూడు జాగాల్లో వదలండి. నూరు పిల్లలను విడిగా దోమతెర హాపాలో పెట్టి రెండు రోజుల తర్వాత లెక్కించండి. మిగతా గుంటలో ఏం జరుగుతోందో అక్కడ తెలుస్తుంది. 90కి తగ్గితే దించడంలోనో, నీళ్లలోనో తప్పుంది. బ్లీచింగో ఇప్ప చెక్కో వేసిన గుంటలో అయితే, సీడు తెప్పించే ముందు రోజే 20 చిన్న చేపలతో ఇలా పరీక్షించుకోవాలి.

మొదటి రోజు మేత వద్దు. రెండో రోజు నుంచి తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో కలిపి రోజుకు రెండు కిలోల లోపు, రంధ్రాలు పెట్టిన గోతాల్లో కట్టి వేలాడదీయండి. పక్కన మామిడి తోట ఉంటే ఆ నెల మందు కొట్టిన డ్రమ్ములు గుంటలో కడగనివ్వొద్దు. పైరిథ్రాయిడ్ రకం పురుగుమందులు కొంచెం చేరినా చేప బతకదు. తెల్లవారుజామున పిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే బోరు వేసి నీటిని చిమ్మించండి, ఆ రోజు మేత, పేడ ఆపేయండి. పదిహేనో రోజు విసురువల రెండు మూడు చోట్ల వేసి చూడండి. శీలావతి, బొచ్చె రెండూ పడుతుంటే, ఒంటి మీద ఎర్ర మచ్చలు లేకుంటే, మేత కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు.