గడియారం తప్పా, అలారం తప్పా?

నల్లగొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నీ ఫోన్ నిన్న మీ తమ్ముడు షాపుకు తెచ్చి ఇచ్చాడు. పరీక్ష గేటు దాకా పోయి వెనక్కి వచ్చావని, రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదని మీ అమ్మ చెప్పింది. ఏడాది చదువు అలా గేటు బయట ఆగిపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. మొద్దునిద్ర పోయావని ఇంట్లో అందరూ అంటున్నారట. అది నిజం కాదు. ఫోన్ మొత్తం చూశాకే చెప్తున్నా. అలారం మోగింది, నువ్వు లేచావు. గడియారమే గంటన్నర వెనక ఉంది. ఈ మాట మీ నాన్నకు కూడా చదివి వినిపించు.

గడియారం సెంటర్ పక్కన ముప్పై ఎనిమిదేళ్లుగా గడియారాలు బాగుచేసే పనే చేస్తున్నాను కదా. పాత టైంపీసు వెనక రెండు కీలు ఉంటాయి. ఒకటి గడియారం నడవడానికి, ఇంకొకటి అలారం మోగడానికి. రెండిటికీ స్ప్రింగులు వేరు. ఒకటి బాగుండి ఒకటి చెడిపోవచ్చు. ఎవరైనా టైంపీసు తెచ్చి "మోగలేదు" అంటే ముందు ముళ్లు సరిగ్గా ఉన్నాయా అని చూసి, ఆ తర్వాతే వెనక మూత విప్పేవాణ్ని. ఫోన్ విషయంలోనూ ముందు అదే చూడాలి. నీ ఫోన్‌లో చెడింది గడియారం వైపు.

సెట్టింగ్స్‌లో తేదీ, సమయం పేజీ తెరిచాను. అక్కడ రెండు బటన్లు ఉంటాయి. టైమ్‌ను దానంతటదే సరిచేసుకునే పై బటన్ ఆన్‌లో ఉంది. టైమ్ జోన్‌ను, అంటే ఏ దేశపు టైమ్ చూపించాలో దాన్ని, దానంతటదే తెలుసుకునే కింది బటన్ ఆఫ్‌లో ఉంది. దాని కిందే దుబాయ్, ప్లస్ 4:00 అని, అంటే గ్రీనిచ్ టైమ్ కంటే నాలుగు గంటలు ముందని రాసి ఉంది. మీ మామ అక్కడి నుంచి తెచ్చిన ఫోన్ కదా, జోన్ అక్కడిదే ఉండిపోయింది. దుబాయ్ టైమ్ మనకంటే గంటన్నర వెనక. మొదట్లో తప్పు చూపిస్తోందని నువ్వు పై బటన్ ఆపేసి, టైమ్‌ను చేత్తో ముందుకు జరిపావట. మూడు నెలలు సరిగ్గానే కనిపించింది. పరీక్ష ముందు రోజు సాయంత్రం ఏదో పేమెంట్ యాప్ టైమ్ తప్పని మొరాయిస్తే పై బటన్ మళ్లీ ఆన్ చేశావని తమ్ముడు చెప్పాడు. ఆ నిమిషమే ఫోన్ అసలు టైమ్ తెచ్చుకుంది, కానీ దుబాయ్ లెక్కలో చూపించింది. పదకొండుకు పడుకునేటప్పుడు అది తొమ్మిదిన్నర చూపించి ఉంటుంది. చదువు ధ్యాసలో నువ్వు చూసుకోలేదు. నాలుగింటికి పెట్టిన అలారం దాని లెక్కలో నాలుగింటికే మోగింది. అప్పుడు మీ దేవరకొండలో ఐదున్నర.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకో బిడ్డా. జోన్ తప్పుగా ఉన్నప్పుడు టైమ్‌ను చేత్తో తిప్పొద్దు. పైకి సరిపోయినట్టు ఉంటుంది, లోపల తప్పు అలాగే ఉంటుంది. ఆ మూడు నెలలూ నీకు ఒక గుర్తు కనిపిస్తూనే ఉండాలి. అప్పుడే వచ్చిన వాట్సాప్ మెసేజ్ కింద గంటన్నర ముందరి టైమ్ పడుతూ ఉంటుంది. వాట్సాప్ తన సర్వర్ టైమ్‌ను జోన్ లెక్కకు మార్చి చూపిస్తుంది, నువ్వు తిప్పిన ముళ్లతో దానికి పనిలేదు. ఎవరి ఫోన్ మీదైనా అనుమానం వస్తే ఇంకొకరితో మెసేజ్ పెట్టించి చూడు. మెసేజ్ టైమూ పైన గడియారమూ ఒకటే కావాలి.

నేను జోన్ బటన్ కూడా ఆన్ చేశాను. ఇప్పుడు ఇండియా, ప్లస్ 5:30 అని ఉంది. కొన్ని ఫోన్లలో కోల్‌కతా అని చూపిస్తుంది, కంగారు పడకు, అదీ మన టైమే. 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన దేశమంతటికీ ఒకటే టైమ్.

ఫోన్ లోపల కూడా క్వార్ట్జ్ వాచీలో ఉన్నట్టే చిన్న స్ఫటికం ఉంటుంది, సెకనుకు 32,768 సార్లు కదులుతుంది. అది రోజుకు సెకనో రెండు సెకన్లో తప్పడం మామూలే. అందుకే ఫోన్ అప్పుడప్పుడు టవర్‌నో ఇంటర్నెట్‌నో అడిగి సరిచేసుకుంటుంది. మీ అమ్మమ్మ ఊళ్లోలాగా సిగ్నల్ అందని చోట బ్యాటరీ పూర్తిగా అయిపోతే కొన్ని ఫోన్లు 1970 జనవరి 1కి వెళ్లిపోతాయి. వాటి లెక్క అక్కడే మొదలవుతుంది కాబట్టి. అప్పుడు బ్యాంకు యాప్‌లు, వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు. సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి, ఏరోప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. లేకపోతే రీస్టార్ట్ చెయ్యి.

ఇక రెండో కీ, అలారం. దీని బాధ నాకు ఇంట్లోనే తెలిసింది. నాలుగేళ్ల కింద మీ పెద్దమ్మకు ఆపరేషన్ అయినప్పుడు రాత్రి రెండింటికి మాత్ర వేయాలి. అలారం పెట్టుకుని మంచం పక్కనే కునుకు తీశాను. కళ్లు తెరిచేసరికి నాలుగు దాటింది. ఆమె నొప్పిని పంటి బిగువున పట్టుకుని, నన్ను లేపకుండా పడుకుని ఉంది. ఫోన్ మీద "అలారం మిస్ అయింది" అని ఉంది. అంటే టైమ్‌కు మోగింది, చప్పుడు మాత్రం రాలేదు. పాటల చప్పుడు, రింగు, అలారం, ఈ మూడిటి గీతలు ఫోన్‌లో వేర్వేరుగా ఉంటాయి. రింగు గీత నిండుగానే ఉంది. సాయంత్రం ఆసుపత్రిలో చప్పుడు తగ్గించేటప్పుడు అలారం గీతను కూడా సున్నాకు లాగేశాను. ఆ రాత్రి ఇప్పటికీ మరచిపోలేను. అందుకే అలారం మోగలేదని ఎవరు వచ్చినా మొదట ఆ గీతే చూస్తాను.

నీ ఫోన్‌లో ఆ గీత బాగానే ఉంది. ఫోన్ చప్పుళ్లను ఆపి ఉంచే డు నాట్ డిస్టర్బ్‌లో అలారాలకు అనుమతి లేదు, ఇచ్చాను. నువ్వు వేసుకున్న క్లీనర్ యాప్‌ను తీసేశాను, అడగకుండా తీసినందుకు ఏమనుకోకు. బ్యాటరీ మిగుల్చుతానని అలాంటివి వెనక నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి. గడియారం యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేస్తే మళ్లీ తెరిచేదాకా దాని అలారాలు మోగవు. బ్యాటరీ సెట్టింగ్‌లో గడియారం యాప్‌కు అన్‌రిస్ట్రిక్టెడ్, అంటే ఏ అడ్డూ లేకుండా నడవమని పెట్టాను. అలారం కోసం బయటి యాప్ ఏదీ వేసుకోకు, ఫోన్‌తో వచ్చినదే చాలు. టోన్ కూడా ఫోన్‌లో ఉన్నదే పెట్టాను, మెమరీ కార్డులో పాట పెడితే కార్డు తీసిన రోజు చిక్కు. టైమ్ 24 గంటల లెక్కలోకి మార్చాను. ఏఎం, పీఎం దగ్గర, అందులోనూ 12 దగ్గర చాలామంది పొరపడుతున్నారు. ఏ రోజుల్లో మోగాలో కూడా ఒకసారి చూసుకో, సోమవారం నుంచి శుక్రవారం వరకు పెట్టిన అలారం ఆదివారం పరీక్షకు మోగదు. ఇప్పటి ఫోన్లు చాలావరకు స్విచ్ఛాఫ్ అయితే అలారం మోగించవు, రాత్రి చార్జింగ్ మీదే ఉంచు.

ఇన్ని చేసినా ఫోన్‌ను గుడ్డిగా నమ్మొద్దు. 2011 జనవరి 1, 2 తేదీల్లో ఐఫోన్లలో ఒక్కసారికని పెట్టుకున్న అలారాలు మోగనే లేదు. అంత పెద్ద కంపెనీ ఫోన్‌లోనే అలా జరిగింది. కాబట్టి పరీక్ష ముందు రాత్రి ఒక పని చెయ్యి. గోడ గడియారంతో టైమ్ సరిచూసుకో. రెండు నిమిషాల తర్వాతకు ఒక అలారం పెట్టి, స్క్రీన్ ఆపి, ఫోన్‌ను నువ్వు ఎక్కడ పెట్టి పడుకుంటావో అక్కడే పెట్టు. మంచం మీద పడుకుని విను. అది మోగితేనే నాలుగింటి అలారాన్ని నమ్ము. మోగిన ఆ ఫోన్‌ను తర్వాత ఇంకేమీ ముట్టుకోకు, ఏ యాప్ ఏం అడిగినా పొద్దున చూద్దామనుకో.

ఫోన్‌తో పాటు పాత తువ్వాలలో చుట్టి ఒక టైంపీసు పంపుతున్నాను. మీ తాత వాడినదే, కొత్త స్ప్రింగు వేసి వారం రోజులు నడిపి చూశాను. రోజూ పడుకునే ముందు వెనక రెండు కీలూ తిప్పు, బిగుసుకున్నాక ఇంకా తిప్పకు. చేయి అందని చోట, కిటికీ మీద పెట్టు.

వచ్చే నెల ఇంకో పరీక్ష ఉందని మీ అమ్మ చెప్పింది. ఆ రోజు పొద్దుగాల నాలుగుంపావుకు నేను ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే మీ నాన్నకు చేస్తా, ఆయనా ఎత్తకపోతే పక్కింటి వాళ్లకు చేస్తా. నంబరు తమ్ముడి దగ్గర రాయించుకున్నాను.

ముందు అన్నం తిను.

మీ పెద్దనాయన