పదమూడు దగ్గర తప్పిన లెక్క

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను కంప్యూటర్ సైన్స్ విద్యార్థినిని. క్యూఎమ్యూ వర్చువల్ మెషీన్‌లో దొరికే ‘ఎడ్యు’ అనే పీసీఐ పరికరానికి లినక్స్ డ్రైవర్ రాస్తున్నాను. సంఖ్య ఇస్తే ఫాక్టోరియల్ లెక్కగట్టి ఇవ్వడం దాని పని. 12 దాకా సరిగ్గా వస్తోంది. 13 ఇస్తే 1932053504 వస్తోంది, 34 ఇస్తే సున్నా. డ్రైవర్‌లో తప్పెక్కడో రెండు వారాలుగా వెతుకుతున్నాను. అదలా ఉండగా, ఇంటరప్ట్ (పని అయిందని పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) ఆన్ చేసి లెక్క మొదలుపెట్టగానే గెస్ట్, అంటే వర్చువల్ మెషీన్ లోపల నడిచే లినక్స్, మొత్తం బిగుసుకుపోతోంది. ఎంఎస్ఐకి, అంటే ఇంటరప్ట్‌ని సందేశంగా పంపే పద్ధతికి, మారిస్తే మామూలుగా నడుస్తోంది. అలా వదిలేయవచ్చా? ‘లేని హార్డ్‌వేర్‌కి డ్రైవర్ రాసి ఏం నేర్చుకుంటావు’ అని స్నేహితులు అంటుంటే మనసు చిన్నబోతోంది.

జవాబు: ముందు ఆ రెండు వారాల బెంగ తీరుస్తానమ్మా. 13 దగ్గర మీ డ్రైవర్ తప్పు ఏమీ లేదు. 13 ఫాక్టోరియల్ 6,22,70,20,800. జవాబు ఉంచే రిజిస్టర్ 32 బిట్లది, అందులో 4,29,49,67,295 వరకే పడుతుంది. అంతకు మించితే కింది 32 బిట్లు మాత్రమే మిగులుతాయి. మొదటి సంఖ్యలోంచి 4,29,49,67,296 తీసేసి చూడండి, మీకు వచ్చిన జవాబే వస్తుంది. 34 ఫాక్టోరియల్‌ని 2తో వరసగా 32 సార్లు శేషం లేకుండా భాగించవచ్చు. అంటే కింది 32 బిట్లూ సున్నాలే. 33 ఇస్తే 2147483648 రావాలి, అంటే అన్నింటికన్నా పైనున్న బిట్ ఒక్కటే వెలుగుతుంది. అది వస్తే మీ డ్రైవర్ రాతా చదువూ రెండూ సరిగ్గా ఉన్నట్టే. అయితే 12 దాటిన సంఖ్యని డ్రైవరే గుమ్మంలో ఆపి, ఎర్రర్ కోడ్‌తో తిప్పి పంపాలని నా అభిప్రాయం. పరికరం మౌనంగా తప్పు జవాబు ఇస్తుందని తెలిశాక, దాన్ని వాడుకరి చేతికి అందించకూడదు.

ఇక ‘లేని హార్డ్‌వేర్’ సంగతి. మీ డ్రైవర్ పరికరం రిజిస్టర్‌ని చదవడానికి ఐఓరీడ్32 పిలిచినప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి వెంట నడిచి చూడండి. ప్రాసెసర్‌కి అది మామూలు మెమరీ చదువు. కానీ ఆ చిరునామా వెనక గెస్ట్‌కి ఏ పేజీనీ కేటాయించి ఉంచలేదు. దాంతో ప్రాసెసర్ గెస్ట్‌లోంచి బయటికి వచ్చేస్తుంది. దాన్నే వీఎం ఎగ్జిట్ అంటాం. 2007లో లినక్స్ 2.6.20తో కెర్నెల్‌లోకి వచ్చిన, వర్చువల్ మెషీన్లని నడిపే కేవీఎం అప్పుడు పగ్గాలు అందుకుని, ఏ చిరునామా, ఎన్ని బైట్లు, చదువా రాతా అన్నది తేల్చి క్యూఎమ్యూకి అప్పగిస్తుంది. క్యూఎమ్యూ తన ఎడ్యు కోడ్‌లోని చదివే ఫంక్షన్‌ని పిలుస్తుంది. వచ్చిన విలువ గెస్ట్ రిజిస్టర్‌లోకి చేరుతుంది, గెస్ట్ ఆగినచోటి నుంచి సాగుతుంది. ఈ తతంగమంతా మీ డ్రైవర్‌కి కనపడదు, కనపడకూడదు కూడా. దానికి కనిపించేది ఒప్పందం ఒక్కటే: హెక్సాలో 08 దగ్గర రాస్తే లెక్క మొదలవుతుంది, 20 దగ్గర స్టేటస్ ఉంటుంది, 24లో ఇంటరప్ట్ కారణం ఉంటుంది, 64లో రాస్తే ఆ కారణం చెరిగిపోతుంది. అవతల ఉన్నది సిలికానా, సీ భాషలో రాసిన కోడా అన్నది డ్రైవర్ అడగాల్సిన ప్రశ్న కాదు. ఎడ్యు పరికరం పుట్టిందే ఇందుకు. మసరిక్ యూనివర్సిటీలో లినక్స్ కెర్నెల్ పాఠాలు చెప్పడానికి దాన్ని తయారుచేశారు. ఇంటరప్టులూ, డీఎంఏతో (పరికరం నేరుగా మెమరీని చదవడం, రాయడం) సహా డ్రైవర్ రాయడం విద్యార్థుల పని.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ పని చెప్పింది ఆ బిగుసుకుపోవడమే. మీ ఇంటరప్ట్ హ్యాండ్లర్, అంటే ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్, 24 చదివి, వచ్చిన విలువను మళ్ళీ 64లో రాస్తోందా? రాయడం లేదని నా అనుమానం. పాత పద్ధతి పీసీఐ ఇంటరప్ట్ ఒక తీగ లాంటిది. పరికరం దాన్ని పైకి లేపి పట్టుకుంటుంది, ‘అందింది’ అని మీరు చెప్పేదాకా దించదు. మీరు చెప్పకుండా ‘ఐఆర్‌క్యూ_హ్యాండిల్డ్’ అని తిరిగొస్తే, తీగ ఇంకా పైనే ఉంది కనుక ప్రాసెసర్ అదే హ్యాండ్లర్‌లోకి మళ్ళీ దూకుతుంది. మళ్ళీ, మళ్ళీ. ఒకే ప్రాసెసర్ ఉన్న గెస్ట్ ఇక లేవదు.

హ్యాండ్లర్ ‘ఐఆర్‌క్యూ_నన్’ అని ఉంటే కెర్నెల్ కొంత కాపాడేది. లక్ష ఇంటరప్టుల్లో 99,900కి మించి ఎవరూ పట్టించుకోకపోతే, ‘నోబడీ కేర్డ్’ అని లాగ్‌లో రాసి ఆ లైన్‌ని మూసేస్తుంది. మీరు ‘నేను చూసుకున్నాను’ అని మాట ఇచ్చారు, కెర్నెల్ నమ్మింది. అందుకే హ్యాండ్లర్‌లో మొదటి పని 24 చదవడం. సున్నా వస్తే ఇంటరప్ట్ మీది కాదు, ఆ లైన్‌ని పంచుకుంటున్న ఇంకో పరికరానిది. అప్పుడు నిజాయితీగా ‘నన్’ అనండి.

నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఇదే తప్పు చేసి, మీరు చేసినట్టే ఎంఎస్ఐకి మార్చి ఊరుకున్నాను. అందుకే మిమ్మల్ని ఊరుకోనివ్వను. ఎంఎస్ఐలో తీగ లేదు. పరికరం ఒక్క సందేశం పంపి ఊరుకుంటుంది, కాబట్టి గెస్ట్ బిగుసుకోదు. కానీ 24లో పాత కారణం చెరగకుండా అలాగే ఉంటుంది. ఫాక్టోరియల్ ముగిసినందుకు వచ్చిన 1 అక్కడే ఉండగా, డీఎంఏ ముగిసిందని హెక్సా 100 వచ్చి దానితో కలుస్తుంది. హ్యాండ్లర్‌కి 101 కనిపిస్తుంది. రెండు పనులూ ఇప్పుడే అయ్యాయనుకుని, ఇంకా సగంలో ఉన్న తర్వాతి ఫాక్టోరియల్ జవాబు కోసం ఎదురుచూస్తున్న ప్రోగ్రామ్‌ని లేపేస్తుంది. ఆ తప్పు పట్టుకోవడానికి నాకు పట్టినంత కాలం మీకు పట్టకూడదు. ఎంఎస్ఐ ఆపేసి, తీగ పద్ధతిలోనే డ్రైవర్‌ని సరిగ్గా నిలబెట్టి, ఆ తర్వాత ఎంఎస్ఐకి వెళ్ళండి.

ఇంకొక్క మాట: లెక్క సాగుతుండగా 08లో ఇంకో సంఖ్య రాస్తే పరికరం దాన్ని పట్టించుకోదు, చెప్పదు కూడా. రెండు ప్రోగ్రాములు ఒకేసారి వస్తే ఒకరి సంఖ్య గాలికి పోతుంది. అక్కడ మ్యూటెక్స్ (ఒకరి పని అయ్యాకే ఇంకొకరిని రానిచ్చే తాళం) పెట్టండి.

ప్రశ్న: అదే ఎడ్యు పరికరం, డీఎంఏ భాగం. గెస్ట్‌కి 128 ఎంబీ మెమరీ ఇచ్చినప్పుడు బాగానే ఉంది. 4 జీబీ ఇస్తే బఫర్‌లోకి డేటా రావడం లేదు, ఒక్కోసారి సంబంధం లేని చోట కెర్నెల్ క్రాష్ అవుతోంది. కెర్నెల్‌లో మెమరీ తప్పులు పట్టే కేఎసాన్ ఆన్ చేసినా ఏమీ చెప్పడం లేదు.

జవాబు: ఆ పరికరం మామూలుగా 28 బిట్ల చిరునామాలనే అర్థం చేసుకుంటుంది, అంటే 256 ఎంబీ వరకు. 128 ఎంబీ గెస్ట్‌లో అన్నీ ఆ హద్దులోనే ఉన్నాయి. 4 జీబీలో కెర్నెల్ మీకు పైచిరునామా ఇచ్చింది, పరికరం దాని పైబిట్లు కోసేసి, మిగిలిన చిరునామాలో నిక్షేపంగా రాసేసింది. అక్కడ ఎవరి డేటా ఉందో ఎవరికి తెలుసు! క్యూఎమ్యూని నడిపిన టెర్మినల్ చూడండి, ‘క్లాంపింగ్ డీఎంఏ’ అన్న హెచ్చరిక అక్కడ కనపడుతుంది; కొత్త వెర్షన్లలో ‘-d guest_errors’ పెట్టి నడిపితేనే. గెస్ట్ లాగ్‌లో మాత్రం ఉండదు. ప్రోబ్‌లో డీఎంఏ మాస్క్ 28 బిట్లని చెప్పి, బఫర్‌ని ‘డీఎంఏ_అలాక్_కొహరెంట్’ ద్వారానే తీసుకోండి. కెర్నెల్ పాయింటర్‌ని మీరే భౌతిక చిరునామాగా మార్చి ఇచ్చే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

కేఎసాన్ మౌనంగా ఉండటంలో వింత లేదు. అది చూసేది ప్రాసెసర్ నడిపే కెర్నెల్ కోడ్ చదువూ రాతలనే. పరికరం నేరుగా మెమరీలో రాసేది దాని కంట పడదు. నేనైతే బఫర్‌కి ముందూ వెనకా ఒక పేజీ అదనంగా తీసుకుని, వాటిని తెలిసిన బైట్లతో నింపి, ప్రతి బదిలీ తర్వాత చెరిగాయేమో చూసుకుంటాను. డేటా అసలే రాకుండా ఇంటరప్ట్ మాత్రం వస్తుంటే ‘పీసీఐ_సెట్_మాస్టర్’ పిలిచారో లేదో చూడండి. అది ఇచ్చే బస్ మాస్టర్ అనుమతి లేకపోతే పరికరం రాసిన రాత మెమరీకి చేరదు. పరికరం మాత్రం పని అయిపోయిందనే చెబుతుంది.

ప్రశ్న: సొంతంగా ఒక వర్చువల్ పరికరం తయారుచేసి, దానికి గెస్ట్‌లో డ్రైవర్ రాయాలి. సెకనుకి లక్షల అభ్యర్థనలు వెళ్ళాలి. ఎడ్యు లాగా రిజిస్టర్లు పెట్టుకోమంటారా, వర్చువల్ పరికరాల కోసమే ఉన్న వర్టియో పద్ధతి వాడమంటారా?

జవాబు: వర్టియో. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. పైన చెప్పిన వీఎం ఎగ్జిట్, క్యూఎమ్యూ దాకా వెళ్ళి రావడం, ఇవి ఒక్కో రిజిస్టర్ ముట్టినప్పుడల్లా వేల సైకిళ్ళు తింటాయి. అభ్యర్థనకి నాలుగు రిజిస్టర్లు రాస్తే నాలుగు ప్రయాణాలు. రస్టీ రస్సెల్ 2008 నాటి పత్రంలో వివరించిన వర్టియోలో గెస్టూ హోస్టూ ఒకే మెమరీని పంచుకుంటాయి. బఫర్ ఎక్కడుందో చెప్పే చీటీని డిస్క్రిప్టర్ అంటారు. ఒక్కోటి 16 బైట్లు: చిరునామాకి 8, పొడవుకి 4, ఫ్లాగులకి 2, తర్వాతిది ఏదో చెప్పడానికి 2. వంద అభ్యర్థనలు పేర్చి ఒక్కసారి తలుపు తట్టవచ్చు. అవతలివాడు అప్పటికే మేలుకుని పని చేస్తుంటే తట్టనక్కర్లేదు కూడా.

లినక్స్‌లో ఆ డిస్క్రిప్టర్ల వరుసల్ని మీరు చేత్తో నడపకండి. ‘వర్ట్‌క్యూ_యాడ్_ఎస్‌జీఎస్’, ‘వర్ట్‌క్యూ_కిక్’, ‘వర్ట్‌క్యూ_గెట్_బఫ్’ ఉన్నాయి. ఒకప్పుడు నేను పనిచేసిన ప్రాజెక్టులో, లినక్స్ కాని చిన్న కెర్నెల్ కోసం ఆ భాగాన్ని చేత్తో రాశాం. డిస్క్రిప్టర్ నింపాక, ‘కొత్తది వచ్చింది’ అని చెప్పే సూచికను పెంచే ముందు ఉండాల్సిన మెమరీ బ్యారియర్ (ముందు రాసినది ముందే కనపడాలన్న ఆదేశం) మరిచాం. ఎక్స్86 యంత్రాల మీద నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు, అక్కడ రాతలు రాసిన వరుసలోనే ఇతర కోర్లకి కనిపిస్తాయి. ఆర్మ్‌కి తీసుకెళ్ళిన వారంలో పాడైన ప్యాకెట్లు మొదలయ్యాయి. హోస్ట్ వేరే కోర్ మీద నడుస్తోంది. దానికి పెరిగిన సూచిక ముందు కనపడింది, నింపిన డిస్క్రిప్టర్ తర్వాత కనపడింది. వర్చువల్ పరికరం అంటే పక్క కోర్ మీద నిజంగా పరుగెడుతున్న ఇంకో ప్రోగ్రామ్ అని నాకు ఒంటికి పట్టింది ఆ రోజే.

పరికరం ఇచ్చే విలువల్ని నమ్మకండి. ఏఎండీ ఎస్ఈవీ, ఇంటెల్ టీడీఎక్స్ వంటి ఏర్పాట్లలో గెస్ట్ తన మెమరీని హోస్ట్ నుంచి కూడా దాచుకుంటుంది. అక్కడ పరికరాన్ని నడిపే హోస్టే శత్రువు కావచ్చు. ‘ఇన్ని బైట్లు రాశాను’ అని అది చెప్పిన పొడవు మీ బఫర్ కన్నా ఎక్కువేమో చూడాలి. పంచుకున్న మెమరీలోని విలువని ఒక్కసారే చదివి, సొంత వేరియబుల్‌లోకి తెచ్చుకుని, దాన్నే పరీక్షించి, దాన్నే వాడాలి. రెండుసార్లు చదివితే ఆ రెండింటి మధ్య అవతలివాడు మార్చేయగలడు. డీఎంఏ ఏపీఐ వాడమని పైన అంత గట్టిగా చెప్పింది కూడా ఇందుకే. ఆ గెస్టుల్లో డేటాని, హోస్ట్ చూడగలిగే బఫర్లలోకి కాపీ చేసేది అదే. దాన్ని తప్పించుకుని రాసిన డ్రైవర్ అక్కడ ఒక్క బైటు కూడా అటూ ఇటూ చేర్చలేదు.

ప్రశ్న: నా డ్రైవర్ బాగా నడుస్తుంది. మాడ్యూల్ తీసేసినప్పుడు మాత్రం పదిసార్లలో ఒకసారి, కాసేపటి తర్వాత, గెస్ట్ పడిపోతుంది. ఎడ్యు పరికరమే.

జవాబు: ‘కాసేపటి తర్వాత’ అన్న మాటలోనే ఉంది జవాబు. ఎడ్యు డీఎంఏ అడిగిన వెంటనే జరగదు, 100 మిల్లీసెకన్ల టైమర్ తర్వాత జరుగుతుంది. ఆ సందులో మాడ్యూల్ తీసేస్తే మీరు బఫర్‌ని విడిచిపెట్టేస్తారు, కెర్నెల్ దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది, పరికరం వచ్చి అందులో రాస్తుంది. కొత్త అభ్యర్థనలకి ముందు తలుపు మూయండి. హెక్సా 98 దగ్గరి కమాండ్ రిజిస్టర్‌లో మొదటి బిట్ సున్నా అయ్యేదాకా ఆగండి. తర్వాత ఇంటరప్ట్ వదలండి, బస్ మాస్టర్ అనుమతి తీసేయండి. బఫర్‌ని, ఆ తర్వాత రిజిస్టర్ల మ్యాపింగ్‌ని అన్నింటికన్నా చివర విడిచిపెట్టండి. సరిచేశాక, డీఎంఏ మొదలుపెట్టి 50 మిల్లీసెకన్లకి మాడ్యూల్ తీసి మళ్ళీ ఎక్కించే స్క్రిప్టుని రాత్రంతా తిప్పి వదిలేయండి.