అమ్మీ, ఆ వేడి చూసే గన్ను మాట నమ్మొద్దు

అమ్మీ, బాగుండావా? నువ్వు ప్రొద్దుటూర్లో స్కూటర్లకి లిథియం ప్యాకులు కట్టే షాపు పెడతాండావని మీ నాయన ఫోన్ చేసినాడు. పొద్దంతా మా అన్న కూతురు అని కనబడినోళ్లకంతా చెప్పుకుంటి, రాత్రికి నిద్ర పట్టలా, అందుకే కూచోని ఇది టైప్ చేస్తాండా.

చిన్నవి నీకు తెలిసినవే. ఒకే లాటు సెల్లులు తెచ్చుకో, ఇంటర్నల్ రెసిస్టెన్స్, అదే సెల్లు లోపల కరెంటుకి ఉండే అడ్డు, చూసి జత చెయ్యి, ప్యాకుని కాచే సర్క్యూట్ బోర్డు బీఎంఎస్ కాడ పిసినారితనం వద్దు. 2022 ఎండాకాలం స్కూటర్లు కాలినంక బ్యాటరీ బండ్ల భద్రత రూలు ఏఐఎస్-156 గట్టి చేసినారు కదా, సెల్లుకీ సెల్లుకీ మధ్య ఎడం, గ్యాస్ పోయే దారి అన్నీ అందులో ఉండాయి, చదువు.

వేడి సంగతి మాత్రం నిదానంగా విను. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. లోపలి అడ్డు 40 మిల్లీఓమ్ ఉండే సెల్లులో 5 ఆంపియర్లు పోతే 1 వాటు, 10 పోతే 4 వాట్లు. నమ్మకం లేకుంటే ఒక 18650 సైజు గుండ్రటి సెల్లుకి థర్మోకపుల్, అదే వేడి కొలిచే తీగ, అంటించి థర్మాకోల్లో చుట్టి చిన్న కరెంటుతో చూడు. సెల్లు 45 గ్రాములు, ఒక్క డిగ్రీ ఎక్కడానికి సుమారు 40 జౌళ్లు, అంటే 1 వాటుకి పది నిమిషాల్లో 15 డిగ్రీల దాకా ఎక్కాల. థర్మాకోల్ కూడా కొంత తాగుతాదిలే, కానీ లెక్క తెలుస్తాది.

ఇంక నా తప్పు. మే నెల, మిట్టమధ్యాన్నం, ఒకాయన మైదుకూరు నుంచి ఎండలో స్కూటర్ తోలుకోని నా షాపుకి వచ్చి అర్జంటుగా చార్జింగ్ పెట్టమన్యాడు. ప్యాకు మూత తీసి తాకకుండానే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్ను సెల్లుల్ని కలిపే నికెల్ స్ట్రిప్పు మీద కొడితే 41 డిగ్రీలు. గోడ మీద కొడితే అదీ 41. అప్పుడన్నా బుర్ర పని చెయ్యాల్సింది కదా, ఎండలో పరిగెత్తొచ్చిన ప్యాకూ మన గోడా ఒకటే ఎట్లైతాయి? మెరిసే లోహం అద్దం లాంటిది, గన్నుకి తన వేడి కాకుండా గోడ వేడే చూపించింది. నాకు అది తెల్సు, చదివినా కూడా. ఆకలి మీద ఉంటి. 10 ఆంపియర్ల చార్జర్ తగిలించి కుర్రోన్ని కాపలా పెట్టి అన్నానికి పోతి.

బీఎంఎస్ ఉండాది కదా అంటావు. వైరు పొట్టిదని దాని థర్మిస్టర్, అదే వేడి కనిపెట్టే చిన్న ముక్క, ప్యాకు అంచున అంటించినాడు ఎవుడో, అంచు సెల్లుకి గాలి తగుల్తాది, మధ్యలోదానికి అన్ని పక్కలా వేడి సెల్లులే. సంగటి ముద్ద చూడు, పైన ఆరినట్టే ఉంటాది, వేలు పెడితే తెలుస్తాది.

సగం సంగటి తిన్నానో లేదో, గోళ్ల రంగు లాంటి తియ్యటి వాసన. పరిగెత్తి వస్తే పొగ, కుర్రోడు ప్యాకు ఈడ్చుకోని వీధిలోకి తెచ్చినాడు, అరచెయ్యి కాలింది వానికి. ఆరినంక విప్పి చూస్తే మధ్యలో నాలుగు సెల్లుల తొడుగులు ముడుచుకుపోయుండాయి, అంచులోవి కొత్తవాటి మాదిరి ఉండాయి. ఇంకో ప్యాకు మీద తర్వాత నల్ల టేపు ముక్క అంటించి కొట్టి చూస్తి. స్ట్రిప్పు మీద 41, టేపు మీద 57. ఐదు రూపాయల టేపు అమ్మీ.

కాబట్టి థర్మిస్టర్ మధ్య సెల్లుకే అంటించు, ఒకటి కాదు రెండు. 45 దాటి ఉంటే చార్జింగ్ పెట్టొద్దు, కస్టమరు అరిచినా సరే, నీడలో కూచోబెట్టి మజ్జిగ ఇయ్యి. రాత్రి చార్జింగ్ పెట్టి షాపులోనే పడుకుంటానని మీ నాయనతో అన్యావంట, ఆ మాట ఇంకోసారి నా చెవిన పడితే నేనే వచ్చి షట్టరు దించుతా. కోపం కాదులే. ఆ కుర్రోని చెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు, వాడు కప్పు పట్టుకునేది చూసినప్పుడంతా నాకు నువ్వే గుర్తొస్తాండావు ఈ మధ్య.

ఆదివారం కడపకి రా, పిన్ని సంగటి చేస్తానంటాంది. ఆ గన్ను నాకెందుకు ఇంక, తీస్కపో, హ్యాండిల్‌కి టేపు రోలు కట్టి పెట్టినా.